నోమ్‌పెన్‌లో తాటిమట్ట

హో చి మిన్ సిటీలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి నోమ్‌పెన్‌లో దిగొచ్చని హాస్టల్లో చెప్పారు. బార్డర్ దగ్గర బస్సు కుర్రాడు అందరి పాస్‌పోర్టులూ కట్టగట్టి పట్టుకుపోతే కాస్త టెన్షన్ పడ్డాను గానీ, కాసేపటికి స్టాంపులు వేయించుకొచ్చి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు, నా పేరు దగ్గరికొచ్చేసరికి పలకలేక నవ్వేసి చేతిలో పెట్టేశాడు. కంబోడియా వైపు బావెట్ అనే ఊరు. క్యాసినోలే క్యాసినోలు. అవి దాటాక మొదలయ్యాయి తాటిచెట్లు.

మాది నల్గొండ వైపు. కోసేసిన వరిమళ్ళ గట్ల మీద, మార్చి ఎండలో, అట్లా వరసగా తాళ్ళు కనపడేసరికి పాస్‌పోర్టు మీద స్టాంపెందుకు పడిందో ఒక్క క్షణం అర్థం కాలేదు. ఒకటే తేడా, మన దగ్గర మోకు వేసుకుని ఎక్కితే ఇక్కడ చెట్టు పొడుగునా వెదురుబొంగు కట్టేసి, కణుపుల దగ్గర వదిలేసిన కొమ్మల మొదళ్ళ మీద కాలుపెట్టి ఎక్కుతారు. వీళ్ళకూ కల్లుంది, తాటిబెల్లం ఉంది. నియాక్ లోయుంగ్ దగ్గర మెకాంగ్ మీద పెద్ద వంతెన దాటేటప్పుడు నేను నిద్రపోతున్నాను. 1973 ఆగస్టులో అమెరికా బి-52 విమానం పొరపాటున బాంబులు వేసింది ఈ ఊరి మీదే అని, వంద మందికి పైగా చనిపోయారని తర్వాతెప్పుడో చదివాను.

నోమ్‌పెన్‌లో బోర్డులు చూస్తే లిపి అర్థం కాదు గానీ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. పల్లవుల లిపి నుంచి వచ్చిందే కదా. పెద్ద రోడ్డును ‘మొహావిథెయ్’ అంటారట, అంటే మహావీథి. టీచరును ‘క్రూ’ అంటారు, గురువన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

హాస్టల్లో మంచానికి డబ్బులిస్తే రిసెప్షన్ అమ్మాయి ఒక డాలరు నోటును వెలుతురుకెత్తి చూసి వెనక్కిచ్చేసింది. మూల దగ్గర గోరంత చిరుగు. ఇక్కడ డాలర్లు, రియల్స్ రెండూ నడుస్తాయి, డాలరుకు దాదాపు 4 వేల రియల్స్, కానీ చిరిగిన డాలరును ఎవ్వరూ ముట్టుకోరు. 1975లో దేశాన్ని చేజిక్కించుకున్న కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్ వాళ్ళు, అసలు డబ్బే రద్దుచేసి, సెంట్రల్ బ్యాంకు భవనాన్ని పేల్చేసిన ఊరిది. అట్లాంటి చోట నోటును ఇంత పట్టిపట్టి చూడటం నాకు వింతగానూ అనిపించింది, న్యాయంగానూ అనిపించింది.

మర్నాడు తువోల్ స్లెంగ్, ఖ్మేర్ రూజ్ వాళ్ళు జైలుగా మార్చేసిన బడి, ఇప్పుడు మ్యూజియం. దాని గురించి చదివే వెళ్ళాను, ఫొటోలూ చూశాను. కానీ గేటు లోపల అడుగుపెట్టగానే అది స్కూలు అని నా ఒంటికి తెలిసినట్టు చదువులో తెలియలేదు. మూడంతస్తుల భవనాలు, ముందు పొడుగాటి వరండా, లోపల గళ్ళ నేల, ఆవరణలో దేవగన్నేరు చెట్లు. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు, సెలవుల్లో కూడా ఆయన వెంట పోయి అట్లాంటి వరండాల్లోనే ఆడుకున్నవాణ్ణి. ఇక్కడ ఆ క్లాసురూముల్లో ఇనప మంచాలున్నాయి, సంకెళ్ళున్నాయి. ఇంకో భవనంలో క్లాసును ఇటుకలతో మనిషి పట్టేంత గూళ్ళుగా కట్టేశారు, పైనుంచి దూకి ఎవరూ చావకుండా వరండాకు ముళ్ళతీగ అల్లారు. బయట పిల్లలు వ్యాయామం చేసే దూలానికి ఖైదీలను వేలాడదీసేవాళ్ళు. నియమాల బోర్డులో ఒకటి, కొరడా దెబ్బలు పడుతున్నా కరెంటు షాక్ పెడుతున్నా అస్సలు ఏడవకూడదు అని.

కనీసం 12 వేల మంది ఇక్కడికొచ్చారు. బతికి బయటపడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బొమ్మలేయడం వచ్చినందుకు వాన్ నాథ్, టైప్‌రైటర్లు బాగుచేయడం వచ్చినందుకు చుమ్ మే. ఇక జైలు నడిపిన డుచ్ లెక్కల మాస్టారు. ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ కూడా కొన్నాళ్ళు పాఠాలు చెప్పినవాడే. క్రూలు కదా వీళ్ళు! తోటి క్రూలను వెతికి వెతికి చంపించారు, అదీ బడిలో. గోడల నిండా ఖైదీల ఫొటోలు, ఛాతీ మీద నంబర్లు. ఒక పిల్లవాడి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. మా నాన్నకు ఫోన్ చేద్దామనుకుని చేయలేదు, ఏం చెప్పాలి?

తువోల్ స్లెంగ్ ఖైదీలను తీసుకుపోయి చంపి పాతిపెట్టిన చోటు చుంగ్ ఎక్, నోమ్‌పెన్‌కు 15 కిలోమీటర్లు. టుక్‌టుక్ ఆయన అరవైకి దగ్గర్లో ఉంటాడు, నన్ను ‘బోంగ్’ అన్నాడు, అన్నకూ అక్కకూ అదొక్కటే మాట. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ వాళ్ళు నోమ్‌పెన్ అంతా ఖాళీ చేయించినప్పుడు తనకు ఎనిమిదేళ్ళట. “మూడు రోజులన్నారు” అని ఒక్క ముక్క అని రోడ్డు మీదికి చూపు తిప్పేసుకున్నాడు. నేనూ ఇంకేం అడగలేదు.

చుంగ్ ఎక్‌లో అందరూ చెవులకు ఆడియో తగిలించుకుని నడుస్తారు కాబట్టి వందమంది ఉన్నా చప్పుడుండదు. 129 గోతుల్లో 86 తవ్వారు, తొమ్మిది వేలకు దగ్గర్లో శవాలు బయటపడ్డాయి. వాన పడితే ఇప్పటికీ ఎముకలు, గుడ్డముక్కలు పైకి తేలతాయట. తూటాలు ఖర్చని పార, గొడ్డలి, ఏది దొరికితే అది వాడారు. ఆ అరుపులు వినపడకుండా ఒక చెట్టుకు స్పీకర్లు కట్టి పాటలు పెట్టేవాళ్ళు. నడుస్తూ ఒక తాటిచెట్టు కిందికొచ్చాను. మట్ట అంచు చూడమంది ఆడియో. రంపంలా ఉంటుంది, దాంతో గొంతులు కోసేవాళ్ళంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు వేళ్ళు కోసుకున్నానో ఆ మట్టతో! చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. పిల్లల్ని విసిరికొట్టిన చెట్టు దగ్గరికి వెళ్ళాను గానీ అక్కడ ఆడియో ఆపేశాను. చనిపోయినవాళ్ళ పుర్రెలు పెట్టిన స్తూపం ఒకటుంది, అందులో ఆ పుర్రెలతో సెల్ఫీ దిగేవాళ్ళున్నారు, నిజంగా ఉన్నారు.

బయటికొస్తే టుక్‌టుక్ ఆయన అలవాటుగా “షూటింగ్ రేంజ్ పోదామా బోంగ్, తుపాకీ కాల్చొచ్చు” అన్నాడు. వద్దన్నాను. తలూపాడు. కోపం రావాల్సింది, రాలేదు. టూరిస్టులు అడగబట్టే కదా ఆయన అడిగేది.

సాయంత్రం సిసోవత్ ఘాట్. టోన్లే సాప్, మెకాంగ్ నదులు కలిసేది అక్కడే. జనం వ్యాయామం పాటలకు చేతులూపుతున్నారు, పిల్లలు పావురాల వెంట పరుగెడుతున్నారు. ఒకామె తోపుడుబండి మీద ఐసులో ముంజలు పెట్టుకుని అమ్ముతోంది. పొట్టు ఒలిచి, ప్లాస్టిక్ సంచిలో పోసి ఇచ్చింది. మన ముంజలే, కాస్త ముదురు. పర్సు తీసి ఆ చిరిగిన డాలరే ఇచ్చాను, ఈమైనా తీసుకుంటుందేమోనని. దీపం కిందికి వంచి, చిరుగు మీద బొటనవేలు రాసి, నవ్వుతూ తిరిగిచ్చింది. రియల్స్ ఇచ్చాను. ఆ నోటు ఇంకా నా దగ్గరే ఉంది.