నీళ్ల సంగతా, ఎముకల సంగతా?

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నాకు తెలిసిన డేటాబేస్ గూగుల్ స్కాలర్ ఒక్కటే. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, దానివల్ల జనానికి వచ్చే జబ్బులు నా అంశం. ‘ఫ్లోరైడ్ ఇండియా’ అని కొట్టడం, కంటికి నచ్చినవి దించుకోవడం, అంతే. మూడు నెలలకి ఫోల్డర్‌లో రెండొందల పైచిలుకు పీడీఎఫ్‌లు పోగయ్యాయి.

గైడ్ సార్ ఒక్కటే అడిగారు. “ఇవే ఎందుకు తీసుకున్నావమ్మా? రేపు ఇంకొకరు నీలాగే వెతికితే ఇవే వస్తాయా?”

నోరు పెగల్లేదు. ఆ టెన్షన్‌తోనే లైబ్రరీకి పోయాను. అక్కడి మేడమ్ నా గోడంతా విని, “ఇంతకీ నీది నీళ్ల సంగతా, ఎముకల సంగతా?” అన్నారు. రెండూనన్నాను. “అయితే రెండు చోట్ల వెతుక్కో. ఒకచోట పనికొచ్చిన మాట ఇంకోచోట పనికిరాదు, అది గుర్తుపెట్టుకో.”

ఎముకలకి, పళ్లకి పబ్‌మెడ్. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల వైద్య వ్యాసాల డేటాబేస్ అది, పైసా కట్టక్కర్లేదు. అందులో మెష్ అని ఒక పదాల పట్టిక ఉంది. గార పళ్లని ఒకరు డెంటల్ ఫ్లోరోసిస్ అంటారు, ఇంకొకరు ఎనామెల్ ఫ్లోరోసిస్ అంటారు. ఎవరేం రాసినా ఆ వ్యాసాలకి పట్టికలోని ఒకే పదం తగిలిస్తారు. ఆ పదం పట్టుకుంటే చాలు, సగం పని అయిపోయినట్టే.

నీళ్ల కెమిస్ట్రీకి మాత్రం పబ్‌మెడ్ చాలదు. జియాలజీ జర్నల్స్ చాలావరకు అందులో ఉండవు. వాటికోసం స్కోపస్‌కి వెళ్లాను. అదీ డేటాబేసే, కాకపోతే చందా కట్టేది, మాకు క్యాంపస్‌లోనే తెరుచుకునేది. అక్కడ నేనో ఘనకార్యం చేశాను. ‘ఫ్లోర్’ అని కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే ఆ మాటతో మొదలయ్యేవన్నీ వస్తాయని విన్నాను. నిజంగానే అన్నీ వచ్చాయి. ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్, వాటి వెనకే ఫ్లోరెసెన్స్, కేన్సర్ మందు ఫ్లోరోయురాసిల్! నక్షత్రం తీసేసి ఫ్లోరైడ్ ఒకవైపు, ‘గ్రౌండ్‌వాటర్’ని ఒకే మాటగా ఒకసారి, రెండు మాటలుగా ఒకసారి ఇంకోవైపు పెట్టాక గానీ దారిన పడలేదు.

అసలు దెబ్బ ఊరి పేరు దగ్గర తగిలింది. ప్రకాశం జిల్లా అని ఎంత వెతికినా పాత వ్యాసం ఒక్కటీ రాలేదు. సెలవులకి ఇంటికెళ్లి ఈ మాటంటే తాతయ్య నవ్వాడు. “అప్పట్లో మనది నెల్లూరు జిల్లా కదే!” కనిగిరి, పొదిలి, దర్శి 1970లో కొత్త జిల్లాలో కలిసేదాకా నెల్లూరువే. ఆ పేరుతో వెతగ్గానే 1937 నాటి ఇండియన్ మెడికల్ గెజిట్ వ్యాసం వచ్చింది, శీర్షికలోనే నెల్లూరు జిల్లా అని ఉంది. పూర్తి వ్యాసాలుండే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పాత కాగితాల స్కాన్ ఉచితంగానే దొరికింది. ఎంతోమంది దాన్ని ఉటంకించగా చూశాను గానీ తెరిచి చదివింది లేదు. సిగ్గేసింది.

శోధగంగ గురించి ఎవరూ ముందు చెప్పలేదెందుకో. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే సిద్ధాంత గ్రంథాల భాండాగారం అది. జర్నల్ వ్యాసంలో ఒక్క పట్టికకి కుదించిన లెక్కలు అక్కడ ఊరూరి పేరుతో, బోరుబోరు లెక్కతో ఉంటాయి. నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఈసారి ఎక్కడ ఏ మాటతో వెతికానో, ఎన్ని వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పాత ఫోల్డర్‌లోంచి నిలిచినవి ముప్ఫై ఒకటి. గైడ్ సార్ నోట్‌బుక్ అంతా తిప్పి, స్కోపస్ పేజీ దగ్గర ఆగారు.

“ఇది ఏ తేదీన వెతికావు?”

రాయలేదు.