పైత్యం అనుకున్నాం

మూడు నెలల పాటు అక్క తలనొప్పికి మేం పెట్టిన పేరు పైత్యం. కావలిలో మా వీధి వీధంతా అదే అంది. తెల్లవారి లేవగానే తల పగిలిపోవడం, వాంతి, పొద్దెక్కాక కాస్త తేలిక. శొంఠి కషాయం కాచి ఇచ్చింది నేనే. ముగ్గు వేస్తూ వంగితే రెండు క్షణాలు కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయని, చెవిలో నాడితో పాటు హోరు వినిపిస్తోందని చెప్పింది. రక్తం తక్కువై ఉంటుందిలే అన్నాను. తలచుకుంటే సిగ్గేస్తుంది.

పట్టుకున్నది కంటి డాక్టరు. కళ్ళద్దాల కోసం వెళితే చుక్కల మందు వేసి చూసి, కంటి నరాలు వాచాయి, ఈ రోజే నెల్లూరు వెళ్ళండి అన్నారు. అక్కడ ముందు స్కానింగ్. మెదడులో గడ్డ లేదని, సిరల్లో రక్తం గడ్డకట్టలేదని తేలాకే నడుములో సూది గుచ్చి, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటి ఒత్తిడి కొలిచారు. గడ్డ ఉంటే ఆ సూదే ప్రాణం మీదికి తెస్తుందట. అది 36 సెంటీమీటర్ల నీటి మట్టం ఉంది. పెద్దవాళ్ళలో 25 దాటకూడదు. తలలో ఆ ఒత్తిడి పెరిగితే పుర్రె సాగదు కదా, నలిగేది కంటి నరమే.

ఆ నీరు ఊరడం తగ్గించే అసిటజోలమైడ్ మాత్రలు రాశారు. వాటితో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి చెడుతుంది. గోలీసోడా అంటే ప్రాణమిచ్చే అక్కకు చూపు కన్నా అదే పెద్ద బెంగ! బరువు తగ్గడమే అసలు మందన్నారు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది, నరాల వాపు దిగింది.

నిన్న వాకిట్లో ముగ్గు తనే వేసింది. చుక్కలు నేను లెక్కపెట్టాను.