ఆర్‌సీ హెలికాప్టర్: సిమ్‌లో కొంత, పొలంలో కొంత

ఫిబ్రవరి

రేడియోతో నడిపే (ఆర్‌సీ) 450 సైజు చిన్న హెలికాప్టర్ బిగించడం అయిపోయింది. రెక్కలు 325 మి.మీ., బ్యాటరీ 3 సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్). కలెక్టివ్ పిచ్, అంటే రెక్కల వాలు (పిచ్) మార్చి లేపడం, దించడం. ఫ్లైబార్‌లెస్, అంటే రెక్కల దగ్గర నిలకడ కోసం ఉండే అడ్డకడ్డీ లేదు. స్వాష్‌ప్లేట్ (రెక్కల వాలు మార్చే పళ్లెం) లెవెల్ చూసుకుని, స్టిక్ సరిగ్గా మధ్యలో ఉంటే పిచ్ సున్నా, పైకి పూర్తిగా తోస్తే 10 డిగ్రీలు వచ్చేట్టు పెట్టాను. ఈ కొలత తేడా కొడితే ఎన్నాళ్లు సాధన చేసినా దండగే.

అయినా ఇంకా గాల్లోకి లేపలేదు. సాయంత్రాలన్నీ లాప్‌టాప్‌లో సిమ్ (ఫ్లైట్ సిమ్యులేటర్) ముందే. గేమ్‌ప్యాడ్‌తో నేర్చుకోవడం నాకు నచ్చదు. పొలంలో చేతిలో ఉండే రేడియోనే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే కంప్యూటర్ దాన్ని జాయ్‌స్టిక్‌గా గుర్తిస్తుంది, వేళ్లకు అవే స్టిక్స్ అలవాటవుతాయి. నాది మోడ్ 2: ఎడమ చేతికి కలెక్టివ్ (ఎత్తు), రడ్డర్ (తోక తిప్పడం), కుడి చేతికి సైక్లిక్ (ముందుకు, వెనక్కి, పక్కలకు వాల్చడం).

తోక మనవైపు పెట్టి హోవర్ చేయడం (గాల్లో ఒకేచోట నిలపడం) త్వరగానే వచ్చింది. ముక్కు మనవైపు తిరిగితేనే అసలు కథ. కుడికి తోస్తే కంటికి ఎడమకు పోతుంది, ముందుకు తోస్తే మన మీదికి వస్తుంది. ఒకేసారి తిప్పేయకుండా మొదట ఓ మోస్తరు పక్కకు, తర్వాత పూర్తి పక్కకు, ఆ తర్వాత ముక్కు మనవైపు... ఈ వరసలో పోతుంటే బుర్ర మెల్లగా దారికొస్తోంది. సిమ్‌కి పెట్టిన డబ్బు ఈ ఒక్కదానికే గిట్టుబాటు. తెర మీద కూలితే స్పేస్ బార్ నొక్కితే సరిపోతుంది. నేల మీద కూలితే రెక్కలు, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ గేర్, ఒక్కోసారి తోక గొట్టం కూడా. అవి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో కొరియర్‌లో రావాలి.

ఆ స్పేస్ బార్‌తోనే ఒక తంటా ఉంది. చెయ్యి దాటిపోయిన హెలికాప్టర్‌ని చూస్తూ చివరిదాకా స్టిక్స్ తిప్పుతూ, కూలాక మీట నొక్కడం వేళ్లకు అలవాటవుతుంది. పొలంలో అప్పుడు వేలు పోవాల్సింది మోటర్ ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ మీదికి. మోటర్ ఆగితే నష్టం చాలా తగ్గుతుంది. అందుకే సిమ్‌లో కూడా ముందు హోల్డ్, తర్వాతే రీసెట్ అని నియమం పెట్టుకున్నాను.

మార్చి

నెల్లూరు దగ్గరి కోవూరు పక్క మా ఊరి కళ్ళంలో మొదలుపెట్టాను. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మా చోటు గ్రీన్ జోన్‌లోనే ఉందని చూసుకున్నాకే. నాలుగు కొసల్లో బంతులున్న ట్రైనింగ్ గేర్ కట్టి, ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలబడ్డాను. రెక్కలు నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే వాటి కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఆ చప్పుడు వింటూ స్టిక్స్ పట్టుకుంటే వచ్చే టెన్షన్ ఏ సిమ్‌లోనూ లేదు.

నేలకు జానెడు ఎత్తులో అది అసలు కుదురుగా ఉండదు. రెక్కల గాలి నేలకు కొట్టుకుని తిరిగొచ్చి అటూ ఇటూ జారుస్తుంది. భయమేసినా నడుమెత్తుకు లేపితే నెమ్మదిస్తుంది. ఇంకో సంగతి, నిలకడగా ఉన్నప్పుడు కూడా కాస్త కుడికి వాలి ఉంటుంది. తోక రోటర్ దాన్ని ఎడమకు నెడుతుంటుంది కాబట్టి ఆ వాలు ఉండాల్సిందే, ట్రిమ్ చేసి సరిచేయాలని చూడకండి.

అటుగా వచ్చిన మామ ఒకాయన చాలాసేపు చూసి, "ఏంది నాయనా ఇది, మందు కొట్టేదానికా?" అని అడిగాడు. కాదు మామా, ఊరికే ఎగరేసేదానికి అన్నాను. "ఊరికేనా!" అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్

కోతలు మొదలై కళ్ళంలో వడ్లు ఆరబోశారు. కోసిన మడిలోకి మారాను. కొయ్యకాళ్లలో బంతులు తగులుకుంటే లేచేటప్పుడే పక్కకు పడిపోతుంది. పట్ట పరుద్దామంటే రెక్కల గాలికి అంచులు లేచి రెక్కల్లోనే పడొచ్చు. అందుకని ప్లైవుడ్ చెక్క వేసి దాని మీంచి లేపుతున్నాను.

ఇక్కడ గాలే గురువు. తెల్లారి పడమటి నుంచి చిన్నగా వీస్తుంటే పడమరకు తిరిగి నిలబడతాను. ఎండ వీపున పడుతుంది, తోక నావైపు, ముక్కు గాలికి ఎదురు, అన్నీ కలిసొస్తాయి. పొద్దెక్కి సముద్రపు గాలి తిరిగిందంటే అది వెనక నుంచి తోస్తుంది. హెలికాప్టర్ నాకు దూరంగా కొట్టుకుపోతూ, గాలికి ఎదురు తిరగాలని తోకతో పెనుగులాడుతుంది. దాన్ని ముక్కు నావైపు తిప్పి నిలపడమే సులువు. ఫిబ్రవరిలో తెర ముందు పడ్డ పాట్లు ఇక్కడ అక్కరకొచ్చాయి. సాయంత్రం తూర్పుకు తిరిగి నిలబడితే మళ్లీ అంతా కలిసొస్తుంది, కాకపోతే అప్పటి గాలి జోరు ఎక్కువ.

సిమ్‌లో గాలి పెట్టుకోవచ్చు, నేనూ పెడతాను. కానీ గట్టు దాటి వచ్చే విసురు తెర మీద తెలీదు. దూరం కూడా అంతే. ముప్పై మీటర్లు పోతే 450 ఎటు తిరిగి ఉందో కంటికి ఆనదు, అందుకే ముందు డొప్పకు మెరిసే నారింజ రంగు వేశాను.

మే

ఎండలు ముదిరాయి. ఏడున్నర దాటితే ఇంటికే. బ్యాటరీలు బండి డిక్కీలో వదలను, ఎగరేసిన వెంటనే ఛార్జింగ్ పెట్టను, చల్లారనిస్తాను. టైమర్ ఐదు నిమిషాలు. దించాక సెల్‌కు 3.7 వోల్టులకు తగ్గకుండా చూస్తాను. రెండు మూడు రోజులు పని లేదంటే 3.8 దగ్గర ఉంచుతాను.

ప్రస్తుతం కొత్తదేదైనా ముందు సిమ్‌లో, విసుగొచ్చేదాకా. పాతదాన్ని మాత్రం మడిలోనే, గాలి ఉన్నా సరే. ముక్కు నావైపు హోవర్ ఇప్పుడు రెండుచోట్లా నిలుస్తోంది. ఎనిమిది అంకె చుట్టడంలో సిమ్‌లోనే కుడి మలుపు దగ్గర ఎత్తు పడిపోతోంది, అది కుదిరేదాకా మడిలో దాని జోలికి పోను.