ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? ఆల్ప్స్ సింఫనీలో మూడో క్లారినెట్

‘మూడో క్లారినెట్’ అని పైన అచ్చువేసిన కాగితం నా స్టాండు మీదికి వచ్చింది. మొదటి వరసలో ఒకే ఒక్క స్వరం. ఒక బారు గీత దాటి, ఇంకోటి దాటి, విల్లులా వంగిన టై గుర్తులతో వరస చివరిదాకా పోయింది. కింద పియానిస్సిమో గుర్తు, అంటే చాలా మెల్లగా వాయించమని. ఊపిరి తీసుకోమని ఎక్కడా లేదు. నాకంటే ముందు ఆ కాగితం చూసి వాయించినవాళ్ళెవరో పెన్సిల్‌తో ఒకచోట చిన్న కామా పెట్టి, తర్వాత దాన్ని కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో నాకు అర్థం కావడానికి ఐదు నెలలు పట్టింది.

మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మ వాళ్ళ నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్ళి ఊరేగింపుల్లో సినిమా పాటలు, ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని కీర్తనలు. సరళీ స్వరాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను, చెవితోనే. కాగితం మీది పాశ్చాత్య నోట్స్ ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సొంతంగా నేర్చుకున్నా. ఉద్యోగం మీద మ్యూనిక్ వచ్చినప్పుడు బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నది తాతయ్య వాయిద్యాన్నే.

మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలో పల్లె పల్లెకీ ఒక బ్లాస్‌కపెల్లె ఉంటుంది, అంటే ఊదే వాయిద్యాల మేళం. జాతరకీ పెళ్ళికీ చావుకీ వాళ్ళే. మన బ్యాండు మేళం తెలిసినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా అనిపించదు. కొన్ని ఊళ్ళలో దానికి పెద్ద రూపం ఉంది: సింఫానిక్ విండ్ ఆర్కెస్ట్రా. వయొలిన్లు ఉండవు, సెల్లోలు ఉండవు. తీగ వాయిద్యం అంటే డబుల్ బేస్ ఒకటో రెండో. మిగతావన్నీ ఫ్లూట్లు, ఓబోలు, బసూన్లు, శాక్సఫోన్లు, హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబాలు, వెనక డప్పులూ గంటలూ. సింఫనీలో వయొలిన్లు చేసే పనిలో ఎక్కువ భాగం ఇక్కడ క్లారినెట్ల నెత్తిన పడుతుంది. అందుకే మా మేళంలో పద్నాలుగు క్లారినెట్లు, మూడు భాగాలుగా.

చేరే ముందు ‘ప్రోబెష్పీల్’ అనే చిన్న పరీక్ష. తెలిసిన పాట ఒకటి వాయించాను, బాగానే వచ్చింది. తర్వాత ఎప్పుడూ చూడని కాగితం ముందు పెట్టి వాయించమన్నారు. నాలుగో వరసలో దారి తప్పాను. డిరిగెంట్, అంటే మేళాన్ని నడిపే ఆవిడ, ఒక్క నిమిషం ఆలోచించి ‘శ్రుతి శుభ్రంగా ఉంది, చదవడం వస్తుందిలే’ అని మూడో క్లారినెట్ వరస చూపించారు. పక్క కుర్చీలో డెబ్భై దాటిన పెద్దాయన. మేళంలో అందరూ ఒకరినొకరు ‘నువ్వు’ అనే పిలుచుకోవాలట. తాతయ్య వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు చాలా వారాలు తిరగలేదు. అమ్మతో ఫోన్లో మాత్రం ఆయన ఎప్పుడూ ‘మా పెద్దాయనే’.

ఆ ఏడు కచేరీ మొత్తం కొండల మీదే. మొదటి సగంలో నార్వే స్వరకర్త గ్రీగ్, రష్యా స్వరకర్త ముసోర్గ్‌స్కీ. రెండో సగం జర్మన్ స్వరకర్త రిహార్డ్ స్ట్రౌస్ ఆల్ప్స్ సింఫనీ, విండ్ ఆర్కెస్ట్రాకి మార్చి, కుదించిన రూపం.

గ్రీగ్ ‘కొండరాజు కొలువులో’ 1875లో ఇబ్సెన్ నాటకం పేర్ గింట్ కోసం రాసింది. ఒకే పల్లవి అట్టడుగు నుంచి మొదలై, పెరిగి, పరుగెత్తుతుంది. మేము అందులో పెద్దగా కష్టపడలేదు. ముసోర్గ్‌స్కీ ‘బోడికొండ మీద రాత్రి’ వేరు. 1867లో ఆయన రాసినదాన్ని గురుస్థానంలో ఉన్న బలాకిరెవ్ ఒప్పుకోలేదు. ముసోర్గ్‌స్కీ 1881లో పోయాడు. ఆ తర్వాత ఆయన స్నేహితుడు, స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ దాన్ని తిరగరాసి 1886లో వినిపించాడు. లోకం ఎక్కువగా విన్నది ఆ రూపమే. మంత్రగత్తెల గోలంతా అయ్యాక గుడి గంట మోగుతుంది, తెల్లవారుతుంది, అప్పుడు ఒంటరిగా ఒక క్లారినెట్, దాని తర్వాత ఫ్లూట్. ఆ క్లారినెట్ భాగం మా మొదటి కుర్చీ అమ్మాయిది. ఆమె వాయించే ప్రతిసారీ నేను నా వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని వినేవాణ్ణి. మూడో క్లారినెట్‌కి దక్కే భాగ్యాల్లో అదొకటి, ఒళ్ళో వాయిద్యంతో వినే తీరిక.

స్ట్రౌస్ దగ్గర ఆ తీరిక లేదు.

ఆయన 1879లో, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు, బవేరియాలోని హైమ్‌గార్టెన్ కొండ ఎక్కాడు. దారి తప్పి, వానలో నానిపోయి దిగాడు. మర్నాడు ఆ ప్రయాణం మొత్తం పియానో మీద వాయించానని స్నేహితుడు తూయిలెకి ఉత్తరం రాశాడు. అది సింఫనీగా బయటికి రావడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది: 1915 అక్టోబరు 28న బెర్లిన్‌లో, డ్రెస్డెన్ ఆర్కెస్ట్రాతో ఆయనే నడిపించాడు. ఇరవై రెండు ఘట్టాలు, ఎక్కడా ఆగకుండా: రాత్రి, సూర్యోదయం, ఎక్కడం, అడవి, వాగు, జలపాతం, మంచునది, శిఖరం, తుఫాను, దిగడం, మళ్ళీ రాత్రి. మూలంలో సుమారు యాభై నిమిషాలు. మా రూపంలో ఇరవై రెండు నిమిషాలే.

మొదటి ‘రాత్రి’ నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. అదొక అవరోహణ. బి ఫ్లాట్ మైనర్, మన చెవికి నటభైరవి. పై షడ్జం నుంచి ఒక్కో స్వరం కిందికి దిగుతుంది. కానీ దిగిన స్వరం ఏదీ ఆగదు. నిషాదం వచ్చినా షడ్జం ఉంటుంది, ధైవతం వచ్చినా ఆ రెండూ ఉంటాయి. చివరికి ఏడు స్వరాలూ ఒకేసారి మోగుతుంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు కడుపులో తిప్పింది. స్వరం తర్వాత స్వరం రావాలి, ముందుది తప్పుకోవాలి అని కదా తాతయ్య నేర్పింది! నాలుగైదు రిహార్సల్స్ అయ్యాక తెలిసింది, చీకట్లో కొండ కనబడేది ఇలాగేనని. ఏ చెట్టు ఎక్కడుందో విడిగా తెలియదు, అన్నీ ఒకేచోట పేరుకుని ఉంటాయి. ఆ ముద్ద కింద నుంచి ట్రాంబోన్లూ ట్యూబా కొండ పల్లవి అందుకుంటాయి.

నాకు పడిన స్వరాన్ని పట్టుకుని నిలబడడమే నా పని. మొదటి రిహార్సల్‌లో నాకు తెలియకుండానే దాన్ని కొంచెం ఊపాను. డిరిగెంట్ చెయ్యెత్తి అందరినీ ఆపారు. ‘మూడో వరసలో ఏదో కదులుతోంది. ఈ కొండ కదలదు.’ మా పద్ధతిలో పొడుగు స్వరాన్ని గమకం లేకుండా వదలడం చేతకానితనం. ఇక్కడ అది కదిలితే పక్కనున్న ఆరు స్వరాలూ మురికవుతాయి. నిలువు స్వరం వాయించడం నాకు గమకం నేర్చుకున్నదానికంటే కష్టమైంది.

ఇక ఊపిరి. వయొలిన్ వాళ్ళు కమాను తిప్పుకుని ఎంతసేపైనా లాగగలరు. మనిషి ఊపిరికి హద్దుంది. స్ట్రౌస్‌కి ఈ సంగతి బాగా తెలుసు. పాదంతో తొక్కితే తిత్తిలోంచి గొట్టం ద్వారా నోట్లోకి గాలి పంపే ఏరోఫోన్ అనే పరికరం వాడమని స్కోరులో రాశాడు. మాకు అదేం లేదు. పక్కవాళ్ళే ఉన్నారు. పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి ఇది: బారు గీత దగ్గర ఊపిరి తీసుకోకు, అందరికీ అక్కడే తీసుకోవాలనిపిస్తుంది. ఊపిరి అయిపోయేదాకా ఆగకు, ఇంకా సగం ఉండగానే తీసుకో. స్వరం ఆపేటప్పుడు కొయ్యకు, పలచబరిచి మాయం చెయ్యి. తిరిగి వచ్చేటప్పుడు నాలుక రీడుకి, అంటే నోట్లో ఉండే ఆ పలచటి రెల్లు పలకకి, తగిలించకు, గాలితోనే లోపలికి రా. అన్నిటికంటే ముఖ్యం, నేను తీసుకుంటున్నప్పుడు నువ్వు తీసుకోకు.

‘మీరు, అదే, నువ్వు ఎప్పుడు తీసుకుంటావో నాకెలా తెలుస్తుంది?’ అన్నాను.

‘నా భుజం చూడు’ అన్నాడాయన.

కామా కొట్టేసినవాళ్ళు కూడా ఈ మాటే విని ఉంటారు. ఊపిరి చోటు కాగితం మీద రాసుకునేది కాదు. ప్రతిసారీ పక్కమనిషిని బట్టి మారుతుంది.

సూర్యోదయం ఏ మేజర్‌లో పగులుతుంది, శంకరాభరణం. చీకటి అవరోహణే, వెలుగూ అవరోహణే! సూర్యుడు పైకి వస్తుంటే కాంతి కొండ మీంచి కిందికి దిగుతుంది కదా, స్ట్రౌస్ ఆ దిగడాన్ని రాశాడు. ఇది గమనించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే బి ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద ఉన్నదానికంటే ఒక మెట్టు కింద పలుకుతుంది. అందుకని దానికి ఏ మేజర్ అంటే కాగితం మీద బి మేజర్, ఐదు షార్పులు, అంటే అర మెట్టు పైకెత్తాల్సిన స్వరాలు ఐదు. చిటికెన వేళ్ళు రెండూ వంతులవారీగా పరుగెత్తాలి. మా అపార్టుమెంట్లో రాత్రి పదింటికి శబ్దం ఆపాలి. అందుకని ఆఫీసు నుంచి రాగానే కింద సైకిళ్ళు పెట్టే గదిలోకి వెళ్ళి, ఆ నాలుగు వరసలు నెమ్మదిగా, మొదటి కాలంలో, సరళీ స్వరాల్లాగే సాధన చేశాను. వేళ్ళకి దారి దొరకడానికి ఆరు వారాలు పట్టింది.

మే నెలలో ఒక ఆదివారం నేనూ హైమ్‌గార్టెన్ ఎక్కాను. 1790 మీటర్లు. ఓల్‌స్టాట్ స్టేషన్లో దిగి అడవి దారిన పోవాలి. ఎక్కువసేపు చెట్లు తప్ప ఏమీ కనబడదు. చెట్లు అయిపోయాక గాలి మారింది. పైన, ఒకవైపు కోహెల్ సరస్సు, ఇంకోవైపు వాల్హెన్ సరస్సు, దక్షిణాన ఇంకా తెల్లగా ఉన్న కొండల వరసలు. సింఫనీలో శిఖరం చేరగానే ట్రాంబోన్లు శిఖర పల్లవి అందుకుంటాయి, ఆ తర్వాత ఓబో ఒక్కటే తడబడుతూ మాట్లాడుతుంది. అదెందుకో నాకు అక్కడ తెలిసింది. ఆయాసంతో నాకూ మాట రాలేదు.

తుఫాను ఘట్టానికి గాలి యంత్రం కావాలి. మా డ్రమ్ముల వరసలో ఒక వడ్రంగి ఉన్నాడు, ఆయనే చేశాడు. చెక్క పలకల పీపా, దాని మీద బిగించిన గుడ్డ, తిప్పడానికి పిడి. తిప్పే వేగాన్ని బట్టి గాలి హోరు ఎక్కుతుంది, దిగుతుంది. ఉరుముకి వేలాడదీసిన ఇనప రేకు. మొదటిసారి ఆ రెండూ కలిసి మోగినప్పుడు నా ముంజేతుల మీద వెంట్రుకలు లేచాయి.

చివరి రిహార్సల్‌లో తప్పు చేశాను. ఆఖరి ‘రాత్రి’లో భుజం చూడ్డం మరిచి కాగితం చూస్తూ ఉండిపోయాను. పెద్దాయనా నేనూ ఒకే క్షణంలో ఊపిరి తీసుకున్నాం. మా స్వరం ఉండాల్సిన చోట చిల్లు పడింది. హాలంతా వినిపించింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, నాకు అదే ఎక్కువ బాధైంది.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. సింఫనీ ముగింపులో వయొలిన్లు ఆఖరి స్వరంలోకి జారుతూ వెళ్ళాలి. మా దగ్గర అది మొదటి క్లారినెట్ పని. ఆమె వేళ్ళు ఎంత మెత్తగా కదిపినా మెట్లు మెట్లుగానే వస్తోంది. డిరిగెంట్ నావైపు చూసి, ‘మొదటి రోజు నువ్వు చేశావే, నేను వద్దన్నాను, అది ఇక్కడ కావాలి’ అన్నారు. అది మన జారు. రంధ్రం మీంచి వేలు ఎత్తకుండా పక్కకి జరపడం, అదే సమయంలో నోటి పట్టు కొద్దిగా సడలించడం. అరుగు మీద తాతయ్య నా వేలు పట్టుకుని జరిపి చూపించింది. ఇద్దరం వెనక గదిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మాట సరిపోక నేను ఆమె క్లారినెట్ మీద వేలు పెట్టి చూపించాను.

కచేరీ రాత్రి రాత్రిగానే మొదలైంది. నా స్వరం వచ్చింది, కదల్లేదు. సూర్యోదయంలో ఒక షార్పు తప్పాను, రెండోసారి దొరికింది. తుఫాను పోయింది, సూర్యుడు దిగాడు, ఏడు స్వరాలూ మళ్ళీ ఒక్కొక్కటిగా వచ్చి పేరుకున్నాయి. ఈసారి కాగితం చూడలేదు. నల్ల కోటులో పెద్దాయన భుజం కొంచెం లేచింది, దిగింది. అప్పుడు నేను తీసుకున్నాను. ముందు వరసలో ఆ అమ్మాయి వేలు ఎత్తకుండా పక్కకి జరిపింది. ఆ జారు హాల్లోకి వెళ్తుంటే, నేను కింద నా స్వరాన్ని పట్టుకుని ఉన్నాను.