అట్టముక్క కిటికీ

పిల్లలందరినీ కలుపుకుని చదువు చెప్పడం గురించి ఒక సంచికకి వ్యాసం రాసిమ్మని ఫోన్ వచ్చినప్పుడు ముందు నవ్వొచ్చింది. రెండో తరగతిలో చేరేనాటికి ‘పలక’ని ‘వలక’ అని చదివినవాణ్ణి నేను. మ, య నాకు కవల పిల్లలు. ఘ, ఝల జోలికైతే వెళ్లేవాణ్ణే కాదు. చదువుతూ చదువుతూ పై వరసలోంచి కింది వరసలోకి జారిపోయేవాణ్ణి. అక్కణ్ణించి కథ సొంతంగా అల్లేసేవాణ్ణి. కథ బాగానే ఉండేది, పుస్తకంలో మాత్రం ఉండేది కాదు.

అంతకుముందు చదివిన బడిలో దీనికి ఒకటే మందు, ఇంపొజిషన్. తప్పు చదివిన మాట యాభైసార్లు రాయాలి. యాభైసార్లూ ఆ తప్పే రాసేవాణ్ణి, గుండ్రంగా, అందంగా.

రెండో తరగతిలో చేరిన కొత్త బడిలో టీచరుగారు మొదటివారం నన్నేమీ అనలేదు. గదిలో ఓ మూల పెద్ద అట్టపెట్టె ఉండేది. అందులో లావు పెన్సిళ్లు, భూతద్దాలు, పూసల చట్రాలు, గోల పడనివాళ్లు చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు. వాటి మధ్యే కొన్ని అట్టముక్కలు. ఒక్క వరస మాత్రమే కనబడేలా వాటికి సన్నటి కిటికీ కోసి ఉండేది. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. గడగడా చదివేవాళ్లు కూడా సరదాకి ఆ కిటికీ పెట్టుకుని చదివేవాళ్లు. అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఆ పెట్టె మీద నా పేరు రాసి ఉంటే నేను దాని ఛాయలకి కూడా వెళ్లేవాణ్ణి కాదు.

కిటికీ నాకు చదువు నేర్పిందని చెబితే అబద్ధమవుతుంది. అది వరస తప్పకుండా చూసిందంతే. చదువొచ్చింది రోజూ పొద్దున్నే ఆడించే పది నిమిషాల ఆటతో. ఒక మాట చెప్పి, చప్పట్లతో ముక్కలు చేయమనేవారు. ‘కలము’లో మొదటి ముక్క తీసేస్తే ఏం మిగులుతుంది? ‘వల’లో వ తీసి క పెడితే? పుస్తకం లేదు, పలక లేదు, అంతా చెవితోనే. మాట విడిపోతుందని చెవికి తెలిశాకే అక్షరం కంటికి నిలబడింది.

నా తిప్పలకి డిస్‌లెక్సియా అని పేరుందని ఉద్యోగంలో చేరాకగానీ నాకు తెలియలేదు. రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు 1887లోనే ఆ మాట పుట్టించాడట. నా దాకా రావడానికే అంత ఆలస్యమైంది. బళ్లో ఎవరూ ఆ పేరు నా ముందు ఎత్తలేదు. వాళ్లకి తెలుసో తెలీదో ఇప్పటికీ చెప్పలేను. తెలిసే ఊరుకున్నారని నా అనుమానం.

మూడో తరగతిలో, చూపు బాగా తక్కువున్న అబ్బాయొకడు మాతో చేరాడు. వాడికి బ్రెయిలీ, అంటే ఉబ్బెత్తు చుక్కల్ని వేలితో తడిమి చదివే లిపి, నేర్పడానికి ఒక మేడమ్ వచ్చేవారు. వాణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్లి చెబుతారనుకున్నాం. ఆవిడ తిన్నగా మా క్లాసులోకొచ్చి అందరికీ బ్రెయిలీ పలకలు పంచారు. రెండు నిలువు వరసలు, వరసకి మూడు చొప్పున ఆరు చుక్కలు. వాటితో 63 గుర్తులు. లూయీ బ్రెయిలీ 1824లో, తన 15వ ఏట ఈ పద్ధతి కనిపెట్టాడని చెప్పారు. మా లెక్కలో 15 ఏళ్లంటే ముసలితనమే, అందుకని ఎవరం ఆశ్చర్యపోలేదు.

అసలు వింత తర్వాత మొదలైంది. స్టైలస్ అనే మొనదేలిన పనిముట్టుతో గుచ్చిన చుక్క కాగితానికి అవతలివైపు ఉబుకుతుంది. కాబట్టి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి తిరగేసి రాయాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. తెలుగు బ్రెయిలీలో ఇ, ఏ గుర్తులు ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది. ఇంకేముంది, మొదటి ర్యాంకులవాళ్లంతా ఇ రాయబోయి ఏ రాసి తలలు పట్టుకున్నారు. “రెండూ ఒకేలా ఉన్నాయి మేడమ్!” అని ఒకటే గోల. నేను రెండేళ్లుగా మొత్తుకుంటున్నదీ అదే కదా! ఆ రోజు మా తప్పులు దిద్దింది ఎర్ర సిరా కాదు, కొత్తగా చేరినవాడి చూపుడువేలు. నా కాగితం తడిమి, “ఇది నీ పేరు కాదురా” అన్నాడు. “పక్కవాడిదీ కాదు” అని కూడా అన్నాడు.

ఇంకో సంగతి నా ఒక్కడికే అక్కరకొచ్చింది. బ్రెయిలీలో ‘కి’ రాయాలంటే క పక్కన ఇ రాస్తారు. గుడి, కొమ్ము, ఏత్వం అని విడిగా గుర్తుల్లేవు, అచ్చే వచ్చి హల్లు పక్కన కూర్చుంటుంది. గుణింతమంటే హల్లుకి అచ్చు కలపడమని నాకు అక్కడ తెలిసింది. అప్పటిదాకా అది బట్టీపట్టాల్సిన బొమ్మల వరస. వాడి కోసం తెచ్చిన పలక నా గుణింతాల ముడి విప్పింది.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని ఒక ప్రకటన చేశారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మామూలు బడులే చేర్చుకోవాలని, వాళ్లకి తగ్గట్టు బడే మారాలని దాని సారాంశం. అది చదువుతుంటే నాకు ఆ చూపుడువేలే గుర్తొచ్చింది.

లెక్కల సంగతికొస్తే, భిన్నాలు మమ్మల్ని వదిలేవి కావు. రెండో తరగతిలో కాగితం మడతలు, మూడులో రంగు పట్టీలు, అయిదులో అంకెలు. “మళ్లీ ఇవేనా మాస్టారూ!” అని మూలిగేవాళ్లం. మూడు కంటే నాలుగు పెద్దది గనక మూడోవంతు కంటే నాలుగోవంతే పెద్దదని మడతల కాలంలో గట్టిగా వాదించినవాణ్ణి, పట్టీలు పక్కపక్కన పెట్టుకున్నాక నోరుమూసుకున్నాను. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లో చెప్పిన స్ప్రింగు చుట్టలాంటి పాఠ్యప్రణాళిక ఇదేనని చాలా ఏళ్లకి చదివాను. అదే విషయం దగ్గరికి మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కాస్త లోతుగా. మొదటి చుట్టులో అందనివాడికి రెండో చుట్టు ఉంటుంది.

ఆ మాస్టారికి మరో అలవాటుండేది. ప్రశ్న వేసి కిటికీ దాకా నడిచి వెనక్కొచ్చేవారు. ఆయన వెనక్కొచ్చేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు. ‘షికారు మాస్టారు’ అనేవాళ్లం, చాటుగా. టీచర్లు ప్రశ్న వేశాక మామూలుగా ఒక్క క్షణానికి మించి ఆగరని, మూడు క్షణాలైనా ఆగితే జవాబులు పొడవవుతాయని, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో చూపించింది. మాస్టారి షికారుకి ఆరేడు క్షణాలు పట్టేదనుకుంటాను. నేను బళ్లో చెప్పిన మొట్టమొదటి జవాబు ఆ షికారులో దొరికిందే. అది తప్పు జవాబు. అయినా ఆయన “ఎలా వచ్చింది?” అని అడిగి, మళ్లీ కిటికీ దాకా వెళ్లొచ్చారు.

ఇంతా చెప్పి ఒకటి దాచడం బాగుండదు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఏ పని ఇచ్చినా అందరికంటే ముందు పూర్తిచేసేది. చేసేశాక ఆమెకి ఇచ్చే పని ఎప్పుడూ ఒకటే, నాకు సాయం చేయడం. నా రాతలో మ, య లు ఏరిపెట్టింది ఆమే. మొన్న పాతమిత్రులం కలిసినప్పుడు పెట్టె గురించి, పలకల గురించి నేను ఊగిపోతూ చెబుతుంటే ఆమె అంతా విని, “మీ అందరికీ తలో దారి వెతికారు. నాకు మాత్రం మీరే దారి. నాకొచ్చినదాన్ని దాటి ఇంకో మెట్టు ఎవరైనా చూపిస్తారేమోనని అయిదేళ్లు చూశాను” అంది. కోపంగా అనలేదు. నాకు వెంటనే ఏమీ తోచలేదు. అందరినీ కలుపుకోవడమంటే వెనకబడ్డవాళ్లని కలుపుకోవడమేనని నేనూ అనుకున్నాను, మా టీచర్లూ అలాగే అనుకున్నట్టున్నారు. ముందున్న పిల్ల కూడా ఒంటరిగానే నడుస్తోందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఈ వ్యాసం ప్రూఫు చూడటానికి పాత కార్డొకటి తీసి, మధ్యలో కిటికీ కోసుకున్నాను. వరస వరసా చూశాను. తప్పుల్లేవని నిర్ధారించుకుని, తన గురించి రాశాను కదా అని ఆమెకి పంపాను, అభ్యంతరముంటే తీసేస్తానని. అరగంటలో జవాబొచ్చింది. అభ్యంతరం లేదట. నాలుగుచోట్ల య ఉండాల్సినచోట మ పడిందని గుర్తుపెట్టి, కింద ఒక వాక్యం రాసింది: “ఇంకా నాచేతే దిద్దిస్తున్నావురా!”