వెనక చక్రానికి కొత్త రిమ్: డౌన్‌హిల్ బైక్ పనుల చిట్టా

జూన్, రెండో వారం

వెనక రిమ్ ఇక పనికిరాదు. సీజన్ మొదట్లో కెనడాలోని విస్లర్ బైక్ పార్కులో (లిఫ్ట్‌లో పైకెక్కి బైక్ మీద కొండ దిగే చోటు) రెండు సొట్టలు పడ్డాయి. మొన్న స్టీవెన్స్ పాస్ పార్కులో రాళ్ల మధ్య దిగుతుంటే మూడోది పడింది. మొదటి రెండూ అంచును కాస్త లోపలికి నొక్కినవే కాబట్టి, అడ్జస్టబుల్ స్పానరుతో అంచు పట్టుకుని మెల్లగా లాగితే దారికొచ్చాయి. మూడోది అలాంటిది కాదు. టైరు విప్పి చూస్తే అంచు ఒరగడంతో ఆగలేదు, రిమ్ ఒళ్లే హబ్ (చక్రం నడిమి భాగం) వైపు కుంగింది. వాల్వుకు ఎదురు వైపు వేలితో తడిమితే పల్లం తెలుస్తోంది. అక్కడి రెండు స్పోకులు పట్టుకుంటే లొడలొడలాడుతున్నాయి.

అడ్డంగా ఊగే చక్రానికైతే బెండు తీయొచ్చు. పల్లానికి ఆ వైద్యం లేదు. రిమ్ బయటికి రావాలంటే అక్కడి స్పోకులు వదలాలి. అవి ముందే వదులై ఉంటే ఇంకేం వదులుతాం? అలాగే బిగించి నడిపితే పక్క స్పోకుల మీద భారం పడి ఒక్కొక్కటే తెగుతూ పోతుంది.

సియాటిల్ నుంచి మాతో వచ్చే కర్నూలు అన్న ఒకాయన ఉన్నాడు. పార్కింగ్‌లో చక్రం తిప్పి చూసి, "ఏం రా, గ్విన్ మాదిరి ఉత్త రిమ్ము మీద దిగుతావా?" అన్నాడు. 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచకప్‌లో డౌన్‌హిల్ రేసర్ ఆరన్ గ్విన్ టైరు పోయాక ఉత్త రిమ్ మీదే కిందిదాకా వచ్చాడు, దాని సంగతి. "ఆయనకి ఇంకో చక్రం ఇచ్చేవాళ్లున్నారు అన్నా, నాకెవరిస్తారు" అన్నాను.

బైక్ వివరాలు రాసి పెడతాను, ముందు ముందు అవసరం పడతాయి. ముందు చక్రం 29 అంగుళాలు, వెనకది 27.5. వెనక హబ్ 12×157 (ఇరుసు మందం, హబ్ వెడల్పు, మి.మీ.లో), స్పోకులకు 32 రంధ్రాలు. హెల్మెట్, ప్యాడ్లు అన్నీ కలిపి నా బరువు 85 కిలోలు. వెనక టైరు మాక్సిస్ మినియన్ డీహెచ్ఆర్ టూ, 2.4 అంగుళాల వెడల్పు, డీహెచ్ కేసింగ్ (డౌన్‌హిల్ కోసం మందంగా చేసిన టైరు ఒళ్లు). గాలి 28 పీఎస్ఐ. ఇన్సర్ట్ (రిమ్‌ను కాపాడటానికి టైరు లోపల వేసే ఫోమ్ పట్టీ) లేదు.

జూన్ చివర

ఏ రిమ్ కొనాలన్న దాని మీద చాలా సాయంత్రాలు పోయాయి. సొట్టే పడని రిమ్ కోసం వెతకడం మానేశాక పని తేలికైంది. డౌన్‌హిల్‌లో వెనక రిమ్‌కి దెబ్బ తగలకుండా ఉండదు. తగిలినా గాలి నిలవాలి, స్పోకుల టెన్షన్ పోకూడదు, పార్కింగ్‌లో స్పానరుతో లాగితే మళ్లీ సరవ్వాలి. నాకు కావలసింది ఇదే.

అందుకే కార్బన్‌ను మొదటే పక్కన పెట్టాను. అది చెడ్డదని కాదు. శాంటా క్రూజ్ వాళ్ల రిజర్వ్ చక్రాలకు మొదటి యజమానికి జీవితకాలం వారంటీ ఉంది, పోటీల్లో వాటి మీద గెలిచినవాళ్లూ ఉన్నారు. కానీ కార్బన్ పింగాణీ గిన్నె, అల్యూమినియం ఇత్తడి చెంబు. ఒకటి ఓర్చుకున్నంత సేపు చెక్కుచెదరదు, ఓర్పు దాటితే పగులుతుంది. రెండోది సొట్టలతోనే బతుకుతుంది. శనివారం మధ్యాహ్నం కొండ మీద పగిలితే వారంటీ కాగితం ఎక్కి ఇంటికి రాలేను కదా.

ఇక అల్యూమినియంలో ఏం చూశానంటే, మొదట సైజు. టైరు మీద 27.5 అని ఉన్నా రిమ్ కొనేటప్పుడు చూడాల్సిన అంకె 584, అంటే రిమ్ మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మి.మీ.లో. 29కి 622, పాత 26కి 559. ఇందులో తేడా వస్తే టైరు ఎక్కదు, చర్చే లేదు.

తర్వాత రంధ్రాలు. చాలా కొత్త చక్రాలు 28 స్పోకులతో వస్తున్నాయి, బరువు తగ్గుతుందని. నా హబ్‌కు 32 ఉన్నాయి కాబట్టి రిమ్‌కూ 32 కావాలి, నాకూ అదే ఇష్టం. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన పాత హీరో, అట్లాస్ సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉండేవి. బరువంతా పడేది వెనకే అని ఆ లెక్క చేసినవాళ్లకు బాగా తెలుసు. రిమ్ ఎంత మందంగా ఉన్నా దెబ్బను పంచుకునేవి స్పోకులే.

వెడల్పు లోపలివైపు 30 మి.మీ. చాలనుకున్నాను. మాక్సిస్ టైర్ల మీద డబ్ల్యూటీ అని ఉంటే అవి 30 నుంచి 35 మి.మీ. రిమ్‌ల కోసం చేసినవి. 35కి పోతే 2.4 టైరు చదునుగా పరుచుకుని రిమ్ అంచులు రాళ్లకు దగ్గరవుతాయి, అది నాకు నచ్చలేదు.

అంచు మందం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గాని నేను అన్నిటికన్నా దానికే ఎక్కువ మార్కులు వేశాను. అంచు సన్నగా ఉంటే రాయికీ రిమ్‌కీ మధ్య టైరు నలిగినప్పుడు కత్తిలా కోస్తుంది. మొద్దుగా, గుండ్రంగా ఉంటే దెబ్బ ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది, టైరు బతుకుతుంది, అంచూ త్వరగా ముడుచుకోదు. షాపులో రిమ్ పట్టుకుని బొటనవేలు అంచు మీద నడిపిస్తే చాలు, తేడా తెలుస్తుంది. రిమ్ రెండు కొసలు కలిసే అతుకు వెల్డింగా పిన్నా అన్నది కూడా చూస్తారు. నా రిమ్‌లేవీ అతుకు దగ్గర పోలేదు కాబట్టి నేను దానికి అంత విలువ ఇవ్వలేదు.

ఇంకొకటి, తయారీదారు రాసే ఏఎస్‌టీఎం తరగతి, అంటే ఎంత మొరటు వాడకానికి పనికొస్తుందో చెప్పే ప్రమాణం. నాలుగో తరగతి 122 సెంటీమీటర్ల దాకా దూకుళ్లకు. ఐదో తరగతి అంతకు మించిన దూకుళ్లకూ, గంటకు 40 కిలోమీటర్లు దాటే దిగుళ్లకూ. బైక్ పార్కుకు వెళ్లేవాడికి ఐదే కావాలి. బరువు తక్కువని నాలుగుతో సరిపెట్టుకునే బేరం వెనక చక్రం దగ్గర వద్దు.

చివరికి మిగిలినవి మూడు. స్టాన్స్ ఫ్లో ఈఎక్స్3 మా వాళ్లు చాలామంది వాడుతున్నారు, లోపలి వెడల్పు 29. స్పాంక్ వాళ్ల వైబ్రోకోర్ రిమ్‌ల లోపల ఫోమ్ నింపుతారు, చేతులకు అదురు తగ్గించడానికి. నాకు ఆసక్తి కలిగింది గాని 27.5లో 32 రంధ్రాలది దగ్గర్లో దొరకలేదు. మూడోది డీటీ స్విస్. అందులో ఈఎక్స్ 511 ఎండ్యూరోకు (తొక్కి ఎక్కి, పోటీగా దిగే రకం రైడింగ్) పేరున్నది, ఎఫ్ఆర్ 560 దానికి బరువైన అన్న. రెండూ 30 మి.మీ. వెనకకు ఎఫ్ఆర్ 560 ఖాయం చేశాను. పెడల్ తొక్కి పైకెక్కేది లేదు, లిఫ్ట్ ఎక్కిస్తుంది. కాస్త బరువు పెరిగితే నాకు పోయేదేముంది.

జూలై, మొదటి వారం

పాత స్పోకులు సరిపోతాయా అన్నది తేల్చేది ఈఆర్‌డీ. రిమ్‌లో నిపుళ్ల (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న నట్లు) లోపల స్పోకు కొస ఆగే చోటి నుంచి ఎదుటి చోటిదాకా ఉండే వ్యాసం అనుకోండి. పెట్టె మీద రాసి ఉంటుంది, అయినా కొలిచి చూసుకోవడమే మేలు.

రెండు పాత స్పోకులను వంపు నుంచి చివరిదాకా సరిగ్గా 200 మి.మీ. ఉండేలా కత్తిరించాను. స్పోకు కొస నిపుల్ గాడి అడుక్కు వచ్చేదాకా నిపుల్ ఎక్కించి, ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి, రెంటినీ నడిమికి లాగి పట్టుకుని వంపుల మధ్య ఖాళీ కొలవాలి. దానికి 400 కలిపితే ఈఆర్‌డీ. రిమ్ చుట్టూ రెండు మూడు చోట్ల కొలిచి సగటు తీయాలి. వాషర్లు వాడే రిమ్ అయితే వాషరు పెట్టే కొలవాలి.

పాతదానికీ కొత్తదానికీ 3 మి.మీ. తేడా వచ్చింది. అంటే స్పోకు పొడవులో దాదాపు 1.5. కొత్తది చిన్నది కాబట్టి పాత స్పోకులు నిపుల్ దాటి పైకి పొడుచుకొస్తాయి, మరలు అయిపోయి బిగింపు ఆగిపోతుంది. కొత్త స్పోకులు ఆర్డర్ చేశాను: 2.0/1.8/2.0, నడుమ సన్నం. నడుమ సన్నగా ఉంటే బలం తక్కువని అనుకుంటారు గాని వ్యవహారం తిరగబడి ఉంటుంది. దెబ్బకు నడుము సాగుతుంది, వంపు దగ్గర విరగదు, నిపుల్ వదులవదు.

జూలై, మూడో వారం

స్పోకుల అల్లిక ఒక సాయంత్రం పని. మూడు క్రాసులు, అంటే ఒక్కో స్పోకు మూడింటిని దాటుతుంది, రెండు వైపులా. రిమ్‌తో పాటే నిపుళ్లూ వాషర్లూ వచ్చాయి. నిపుళ్లను రిమ్ లోపలి నుంచి తిప్పే వీలుంది, గీతలు పడవు. మరలకు ఒక్కో చుక్క నూనె పెట్టాను.

టెన్షన్ దగ్గర తొందర పడకూడదు. ఈ రిమ్‌కు పరిమితి 1200 న్యూటన్లు, అంటే 120 కిలోల పైచిలుకు. గేర్ల వైపు 115 దగ్గరికి తెచ్చాను. బ్రేకు వైపు తక్కువే ఉంటుంది, చక్రం నడిమికి రావాలంటే తప్పదు. పార్క్ టూల్ టెన్షన్ మీటరుతో కొలిచేవాళ్లకు ఒక మాట: మీటరు నొక్కేది స్పోకు నడుము మీద, కాబట్టి పట్టికలో 1.8 మి.మీ. వరస చూడాలి, 2.0 కాదు. ఒకే వైపు స్పోకుల మధ్య 20 శాతం తేడా దాకా పర్వాలేదంటారు, నేను పది దాటనివ్వలేదు.

మధ్యమధ్యలో పక్కపక్కన సమాంతరంగా పోయే స్పోకులను జంటలుగా పట్టుకుని గట్టిగా పిసకాలి. టిక్, టిక్ అని శబ్దాలొస్తాయి, మెలిపడిన స్పోకులు సర్దుకుంటున్నాయన్నమాట. ఆ శబ్దం ఆగేదాకా పిసకడం, మళ్లీ ట్రూ చేయడం (చక్రం ఊగు తీయడం). ఇది ఇంట్లో చేయకపోతే కొండ మీద మొదటి దిగుడులోనే అవుతుంది, చక్రం ఊగుతూ కిందికొస్తుంది.

ట్యూబ్‌లెస్ టేపు లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉన్నది తీసుకున్నాను. రిమ్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, టేపు సాగదీసి పట్టుకుని అతికించి, ఒక రాత్రి ట్యూబు వేసి గాలి పట్టి ఉంచాను. పొద్దున్నే టైరు, సీలెంట్.

ఆగస్టు

స్టీవెన్స్ పాస్ మొదటి రోజు తర్వాత టెన్షన్ అంతటా కొద్దిగా తగ్గింది. కొత్త అల్లికకు మామూలే. పావు తిప్పు చొప్పున బిగించాను, తర్వాత కదల్లేదు.

గాలి 26కి దించి చూస్తే మూలలు తిరగడం బాగుంది, రాళ్ల మీద మాత్రం రిమ్ ఖంగుమంది. చూస్తే అంచు మీద గోరంత నొక్కు, టైరు కోసుకుపోలేదు, గాలి దిగలేదు. స్పానరుతో లాగితే సరైంది. చుట్టుపక్కల స్పోకులు మీటరుతో చూస్తే ముందెంతో ఇప్పుడూ అంతే. అయినా 28కే తిరిగొచ్చి, వెనక చక్రానికి మాత్రం ఇన్సర్ట్ కూడా వేశాను. పావు కిలో దాకా బరువు పెరిగింది. టైరు ఎక్కించడం నరకం, వేళ్లు వాచాయి.

ముందు రిమ్ ఇంకా పాతదే, దానికి ఒక్క సొట్టా లేదు, కదపను. వెనకకు మాత్రం ఇదే ఎఫ్ఆర్ 560 ఇంకొకటి కొని గరాజులో వేలాడదీశాను. ఈఆర్‌డీ ఒకటే కాబట్టి ఇది పోయిన రోజున రెండు రిమ్‌లూ పక్కపక్కన టేపుతో కట్టి, స్పోకులు ఒక్కొక్కటే ఇందులోంచి అందులోకి మార్చుకుంటే సరి. అల్లిక మళ్లీ మొదట్నుంచి చేసే పని ఉండదు.