పులికాట్‌కు బాతులు వచ్చేలోగా

సెప్టెంబరు 6
ఏప్రిల్ నుంచి బీరువాలోనే ఉన్న బైనాక్యులర్ బయటికి తీశాను. వెలుగుకు ఎదురుగా పెట్టి, వెనుక వైపు నుంచి చూస్తే కుడి లెన్సు అంచున సాలెపోగుల్లాంటి సన్నని తీగలు. ఫంగస్! తప్పు నాదే, చివరి రోజు తడిసినదాన్ని తడిగానే సంచిలో కుక్కేశాను. బాగుకు ఇచ్చాను. తిరిగి వచ్చాక మూత బిగుతుగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ సంచులతోపాటు ఉంచుతాను. కొత్తది కొనమన్నారు కానీ నాకు ఈ 8x42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 42 మిల్లీమీటర్లు. 42ను 8తో భాగిస్తే 5.25. అన్ని మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు కంటికి అందుతుంది. 10x42లో అది 4.2కి తగ్గిపోతుంది, పైగా చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది. మనకు పని ఉండేది తెల్లవారుజామునే కదా.

సెప్టెంబరు 14
పోయిన జనవరిలో నేను మూడు వందలన్న బాతుల గుంపు, తరువాత ఫొటోలో ఒక్కొక్కటే లెక్కపెడితే 520 తేలింది. ఆ సిగ్గుతోనే ఈ బియ్యం సాధన. పళ్ళెంలో గుప్పెడు చల్లి, అయిదు సెకన్లు చూసి అంకె చెప్పి, ఆ తరువాత లెక్కపెట్టడం. మొదటి రోజు 140 అన్నాను, ఉన్నవి 226. ఎప్పుడూ తక్కువే చెబుతున్నాను. ముందు పది గింజలు ఎంత మేర ఆక్రమించాయో చూసుకుని, ఆ మేరను గుంపు మీద పరుచుకుంటూ పోతే నయం. ఈ రోజు 190 అంటే 204 ఉన్నాయి. "ఆ బియ్యం రాత్రికి వండాలి, తొందరగా తేల్చండి" అని వంటింట్లోంచి కేక.

సెప్టెంబరు 21
అసలు చిక్కు రంగులతో. వలస వచ్చే కొత్తలో చాలా మగ బాతులు ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. గూళ్ల కాలం అయ్యాక రెక్కల ఈకలన్నీ ఒక్కసారే రాలి కొన్ని వారాలు ఎగరలేవు, ఆ సమయంలో కంట పడకుండా ఈ వేషం. అందుకే ఈకలు వదిలేసి ఆకారం చూస్తున్నాను: చెంచామూతి బాతుకు ముక్కే గుర్తు, సూదితోక బాతుకు సన్నని పొడవాటి మెడ.

మా తాతగారి తరానికి ఈ తంటా లేదు, తుపాకి పేలాక చేతిలో పట్టుకునే చూసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తుపాకి ఇంట్లోంచి వెళ్లిపోయింది. బాతుల కోసం ఎదురుచూడడం మాత్రం పోలేదు.

అక్టోబరు 4
సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా పోయే శ్రీహరికోట రోడ్డు మీద ఉదయం ఆరుకే ఆగాను. రోడ్డు తూర్పుకు పోతుంది కనుక ఎండ ముఖానికే. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, అప్పుడు ఉత్తరం వైపు నీళ్లే చూడాలి. తొమ్మిది దాటితే ఆవిరికి పక్షులు అలల్లా ఊగుతాయి, టెలిస్కోపు దండగ. సరస్సంతా ఇంకా బురదే, ఈశాన్య రుతుపవనాలు రావాలి.

తిరిగి వస్తుంటే ఒక మడుగులో చిన్న బాతులు. కంటి పైన తెల్లని గీత, ముఖమంతా చారలు: గార్గనీలు. పదిహేను అనుకున్నాను. లెక్కపెడితే పద్నాలుగు.